ఇరవై నాలుగు కబుర్లు

ఉదయం పదిన్నరకల్లా సువార్త పదకొండు కబుర్లు విని పంపేసింది. పన్నెండోది చెవిలో మొదలైంది.

“నాన్నా, బాగుండావా? నేను ఆరో తరగతికి వచ్చేశా. ఈత నేర్చుకుంటుండా. మొదట్లో భయమేసింది, ఇప్పుడు లేదు. నువ్వు ఒక్క రోజు కూడా మానకుండా పనికి పోతుండావంట కదా. మంచి నాన్నవి.”

సువార్త చూడాల్సినవి నాలుగే. పేరు సరిపోయిందా, యాస సరిపోయిందా, ఊరి జాడ ఏదైనా జారిందా, ఎక్కడైనా బెదిరింపు వినిపించిందా. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. పంపే మీట నొక్కింది. కబురు వెళ్లేముందు తప్పనిసరిగా ఒక మనిషి చెవిన పడాలన్నది నియమం. నెల్లూరు జిల్లా దక్షిణ మండలాలకు ఆ చెవి ఆమెదే.

బాలభృతి మండలిలో ఆమెకు పద్నాలుగేళ్ల సర్వీసు. బిడ్డను వదిలి వెళ్లినవాళ్లు ఎక్కడ పనిచేసినా సరే, జీతం చేతికందే ముందే మండలి మిషను, తక్కెడ, బిడ్డ వాటా కోసుకుంటుంది. కోతకు చిక్కకుండా తిరిగేవాళ్లకు తాళాలు పడతాయి. మొదటి తాళానికి బండీ కదలదు, పడవా కదలదు. రెండో తాళానికి బస్సు తలుపు తెరుచుకోదు. మూడోది పడితే మణికట్టుకు పట్టీ, పనిచోటు చుట్టూ ఐదు కిలోమీటర్ల హద్దు. తాళాలు మనిషిని నిలబెట్టగలవు గాని పనిచేయించలేవని మండలికి తొందరగానే అర్థమైంది. అప్పుడొచ్చాయి కబుర్లు. బడిలో పాఠం అప్పజెప్పేటప్పుడు బిడ్డ గొంతు తీసుకుంటారు. మాటలు తక్కెడ కూరుస్తుంది. కోత తప్పనివాళ్లకు నెలకొకటి. మాటలు బిడ్డవి కావన్న సంగతి వాళ్లు సంతకం పెట్టే ఒప్పంద పత్రం పదిహేడో పేజీలో రాసే ఉంటుంది. చదివినవాళ్లు తక్కువ.

పన్నెండో కబురు అందుకునే మనిషి పేరు మస్తానయ్య. తూపిలిపాళెం దగ్గర సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారంలో కూలీ. ఇరవై నాలుగు నెలలుగా కోత తప్పలేదు కాబట్టి మూడో తాళం, దానితో మిగతా రెండూ తీయవచ్చని తక్కెడ సూచించింది. తాళం తీయాలంటే అధికారి స్వయంగా వెళ్లాలి. వెళ్లేముందు ఫైలు పూర్తిగా చదవాలి. ఈ ఫైలు ఐదు నెలల కిందట, పాత అధికారి రిటైరైనప్పుడు, సువార్తకు వచ్చింది. ఇప్పటిదాకా దాన్ని తెరిచే అవసరం పడలేదు.

తెరిచింది. లబ్ధిదారు: లిఖిత, పదేళ్లు. దాని కింద ఒక చిన్న వరుస. మరణం, మెదడువాపు జ్వరం. తేదీ చూసింది. ఎనిమిది నెలలైంది.

కాసేపటి కిందట చెవిలో ఈత గురించి చెప్పిన పిల్ల ఆ పిల్లే. ఈ ఐదు నెలల్లో ఐదు సార్లు ఆమే విని, ఆమే పంపింది.

పక్క గదిలో జిల్లా అధికారి రహంతుల్లా టీ తాగుతున్నాడు. ఫైలున్న పలక తెర ఆయన ముందు పెట్టి నిలబడింది.

“కబురు ఖాతాకమ్మా, బిడ్డకి కాదు,” అన్నాడాయన, చూడగానే. “ఆయన పరారీలో ఉన్న మూడేళ్లూ తల్లికి సర్కారే ముందుగా భృతి ఇచ్చింది. అదంతా ఆయన దగ్గర్నుంచి రావాల. ఇంకా రెండేళ్లు పడద్ది. ఖాతా మూసేదాకా కబురు ఆగదు.”

“బిడ్డ పోయిందని ఆయనకి తెలుసా సార్?”

“మనం చెప్పకూడదు. తల్లి వివరం తండ్రికి, తండ్రి వివరం తల్లికి పోకూడదు. రూలు.”

“చావు కూడా వివరమేనా?”

రహంతుల్లా కప్పు కింద పెట్టాడు. “ఇట్టాంటివి జిల్లాలో పదిహేడు ఉండాయి సువార్తా. నేనేమన్నా సంతోషంగా చూస్తుండానా? పైకి రెండుసార్లు రాశా. కబురు ఆపితే మనుషులు పనిలోంచి పారిపోతారని జవాబొచ్చింది. వెళ్లి తాళం తీసి రా. ఆయనకి అదన్నా మేలు.”

బస్సులో కూర్చున్నాక సువార్త తల్లి నంబరు కలిపింది. అధికారి పరామర్శించవచ్చు, అంతవరకు తప్పు లేదు. పెంచలమ్మ ఇప్పుడు వాకాడులో ఉంటుంది. తండ్రి పనిచేసే చోటికి పదమూడు కిలోమీటర్లు. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

“ఆ రోజే మీ ఆఫీసుకి చెప్పినా కదమ్మా,” అంది పెంచలమ్మ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “మాట్లాడేది మనిషో మిషనో తెలీలా. ఆయనకి చెప్పండి, కడసారి చూసుకుంటాడు అన్యా. సరే, నమోదు చేసుకున్నాం అనింది. సాయంకాలం దాకా ఎత్తనీలా నేను. మా అన్న తిట్టినాడు, ఇంకెంతసేపు పెడతావే అని. రాలా ఆయన. పెద్దకర్మకన్నా వస్తాడనుకున్యా. రాలా. అంత రాయి అనుకోలేదమ్మా ఆ మనిషిని. పోతే పోయినాడు గాని, బిడ్డంటే పానం.”

సువార్త ఏదో చెప్పబోయింది. బస్సులో జనం ఉన్నారు. “మళ్లీ చేస్తానమ్మా,” అని పెట్టేసింది.

కర్మాగారం వెనక, ఉప్పు పేరుకున్న గొట్టాలను గీకే రేకుల షెడ్డులో మస్తానయ్య దొరికాడు. నలభై ఏళ్లుంటాయి. చేతులు ఉప్పుకు పగిలి తెల్లగా ఉన్నాయి. మండలి అధికారి వచ్చిందనగానే కంగారుగా లేచి, ఒక ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు.

“కోత సరిగ్గానే పోతుండాది కదా మేడం? ఏమన్నా తక్కువైందా?”

“ఏం తక్కువ కాలేదు. మూడో తాళం తీయడానికి వచ్చాను.”

అతను నమ్మనట్టు చూసి, మణికట్టు పట్టీని రెండో చేత్తో పట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు.

“అంటే యాడికైనా పోవచ్చా? బిడ్డని చూడొచ్చా?”

ఆమె మాట్లాడకపోవడం చూసి, ఒప్పుకోదేమోనని అతనే చెప్పుకుపోయాడు. “నేను పారిపోయినోణ్ణే మేడం, అబద్ధం చెప్పను. పడవ పోయింది, అప్పులోళ్లు ఇంటి మీదికొచ్చినారు, తాగినా, పారిపోయినా. అమ్మికి ఆరేళ్లప్పుడు. మీవాళ్లు పట్టుకున్నప్పుడు తిట్టుకున్యా. ఇప్పుడు తిట్టుకోను. మీరు పట్టుకోకపోతే దాని గొంతు వినేవోణ్ణా?” ఫోను తీశాడు. “మొత్తం దాచినా. ఇరవై నాలుగు. ఇయ్యాల పొద్దున కూడా వచ్చింది. ఈత నేర్చుకుంటాందంట, చూడండి. చిన్నప్పుడు కాలవలో కాలు పెట్టమంటే నా మెడ ఇడిసేది కాదు.”

ఒడిలో పలక వెలిగింది. తాళం తీసేముందు అధికారి చదవాల్సిన అభినందన అది. సువార్త దాన్ని బోర్లా పెట్టింది. ఈ పని ఎలా మొదలుపెట్టాలో పద్నాలుగేళ్లలో ఎవరూ నేర్పలేదు.

“మస్తానయ్యా, కూర్చో,” అంది. “లిఖిత లేదు. ఎనిమిది నెలల కిందట జ్వరమొచ్చి చనిపోయింది.”

అతను కూర్చోలేదు. ఆమె పొరపాటు పడిందని ఓపిగ్గా సరిదిద్దుతున్నట్టు అన్నాడు. “ఇయ్యాల పొద్దున మాట్లాడింది కదా మేడం.”

“మాట్లాడింది లిఖిత కాదు. మిషను. గొంతు ఆ పిల్లదే, మాటలు కాదు.”

“వేరే మస్తానయ్య ఉండాడేమో చూడండి. ఈడే ముగ్గురుండారు.”

“తల్లి పెంచలమ్మ. పుట్టింది చైత్ర మాసంలో, నెల్లూరు పెద్దాసుపత్రిలో. ఎడమ భుజం మీద మచ్చ.”

మస్తానయ్య చేతిలోని గీకుడు బద్ద జారి సిమెంటు మీద పడింది. షెడ్డులో పక్కవాళ్లు తిరిగి చూశారు. అతను గోడకు ఆనుకుని అలాగే కిందికి జారాడు. చాలాసేపు ఏడవలేదు. లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిలాయి.

“ఎనిమిది నెలలంటే… ఎనిమిది తీసేస్తే పదారు,” అన్నాడు చివరికి. “ఆ పదారన్నా అది మాట్లాడినయ్యేనా?”

అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు. సువార్తకు అది తెలుసు. ఇప్పటికే ఈ మనిషికి చెప్పిన అబద్ధాలు ఎన్నో కూడా తెలుసు.

“కాదు. ఏదీ కాదు. ఇలా నీకు కబుర్లు వస్తున్నాయని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.”

అప్పుడు ఏడ్చాడు. తోటి కూలీ ఒకడు వచ్చి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యేశాడు. సువార్త బయటికి వెళ్లి సముద్రం వైపు నిలబడింది. లోపలికి వచ్చినప్పుడు మస్తానయ్య ముఖం కడుక్కుని ఉన్నాడు.

“పెంచలికి తెలుసా, నాకు తెలవదని?”

“తెలియదు. నీకు చెప్పారనే అనుకుంటోంది. సాయంత్రం దాకా నీకోసం ఆపిందంట.”

అతను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

సువార్త నంబరు కలిపి ఫోను అతనికిచ్చింది. చెప్పడంతో ఒక నియమం పోయింది, ఇవ్వడంతో రెండోది. అవతల పెంచలమ్మ “ఎవురూ?” అంది. మళ్లీ “ఎవురూ?” అంది.

“నేనే పెంచలీ.”

అతను ఫోను రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

“నాకిప్పుడే చెప్పినారు. ఇప్పుడే. ఈ నిమిషంలోనే,” అన్నాడు మస్తానయ్య. “నీ మీద ఒట్టు.”

ఆమె ఏమందో సువార్తకు వినపడలేదు. ఏడుపు మాత్రం వినిపించింది. చాలాసేపటి తర్వాత అతను అడిగాడు. “అమ్మికి ఈత వచ్చేనా?” జవాబు విని తలూపాడు. “రాదా. మరి అదే కదా,” అన్నాడు, ఎక్కడో తప్పిపోయిన వస్తువు చేతికందినట్టు.

ఫోను తిరిగిచ్చాడు. “వాకాడుకి రమ్మంటాంది మేడం. స్వర్ణముఖి ఒడ్డున పెట్టినారంట. చూపిస్తానంటాంది.”

తాళం తీయడానికి సువార్త పలక తెరిచింది. చివరి మెట్టు దగ్గర తక్కెడ మస్తానయ్య గొంతు అడిగింది. ఒక వాక్యం చదవాలి: నా బిడ్డ క్షేమం కోసం కోత కొనసాగడానికి ఒప్పుకుంటున్నాను.

అతను రెండుసార్లు మనసులో చదువుకున్నాడు.

“లేని బిడ్డ క్షేమం అని ఎట్టా చెప్పేది?”

“చెబితే తాళం తీస్తుంది. బస్సెక్కొచ్చు.”

“డబ్బు కోసుకోమనండి. ఇంకో రెండేళ్లు కాదు, పదేళ్లు కోసుకోమనండి, నేను తప్పు చేసినోణ్ణే. ఈ మాట మాత్రం నా నోట పలికించొద్దు మేడం. దాని నోట పలికించినయ్యి చాలు.”

సువార్త పలక మూసింది. పట్టీ ఎర్రగానే ఉంది. ఆ ఎరుపు కనిపిస్తే బస్సు తలుపు తెరుచుకోదు, ఆటో కదలదు.

“నడవగలవా?” అని అడిగింది.

“మీరెందుకు? మీ ఉద్యోగం పోద్ది.”

“పద.”

మూడు గంటల ఎండలో బయల్దేరారు. దారికి రెండు పక్కలా రొయ్యల చెరువులు ఎండిపోయిన గుంటలు, వాటి మీద సౌర ఫలకాలు. మస్తానయ్య ముందు, ఆమె రెండడుగులు వెనక. ఒకచోట అతను ఆగి, చేతిపంపు కొట్టి, ఆమె తాగేదాకా నిలబడ్డాడు. ఫోనులోని కబుర్లు తీసేయాలా అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు, తీసేయకుండానే.

ఐదో కిలోమీటరు రాయి దాటగానే పట్టీ అరవడం మొదలుపెట్టింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. హద్దు దాటిన సమాచారం దగ్గర్లోని అధికారికి వెళ్తుంది. సువార్త సంచిలో పలక మోగింది. తెర మీద రెండే గడులు. అదుపులోకి తీసుకోవడం, లేదా కారణం చూపి వదిలేయడం. కారణాల పట్టిక తెరిచింది. వైద్యం, విపత్తు, పని బదిలీ, కోర్టు హాజరు. చివరిదాకా చూసింది. బిడ్డ సమాధి దగ్గరికి వెళ్లడం వాటిలో లేదు.

ఏదీ నొక్కలేదు. పలకను సంచిలో పెట్టుకుని నడిచింది.

పట్టీ అరుపు అలవాటైపోయాక రహంతుల్లా ఫోను చేశాడు.

“సువార్తా, ఏం చేస్తుండావ్? హద్దు హెచ్చరికకి జవాబు లేకుంటే ఆ రోజు లెక్క మూసుకోదని తెలుసు కదా. జిల్లా మొత్తం కోతలు ఆగిపోయినయ్, కబుర్లు ఆగిపోయినయ్. అమరావతి నుంచి అడుగుతుండారు. ఏదో ఒకటి నొక్కు తల్లీ.”

“వైద్యం అని నొక్కితే అబద్ధం. అదుపు అని నొక్కితే ఈయన ఆగిపోవాలి. నొక్కను సార్.”

“ఎంతసేపు?”

“కారణం రాసుకునే చోటు వాళ్లు పెట్టేదాకా. మిగతా పదహారు మంది ఫైళ్లు కూడా నా పేరున రాయండి సార్. రేపట్నుంచి వాళ్లకీ నేనే వెళ్లి చెబుతాను, ఉద్యోగం ఉంటే. లేకపోయినా చెబుతాను.”

వెనక ఆఫీసులో వేరే ఫోన్లు మోగడం వినిపిస్తోంది. ఆయన వాటిని ఎత్తడం లేదు.

“ఇంకెంత దూరం ఉండాది?” అన్నాడు చివరికి.

“ఆరు కిలోమీటర్లు.”

“ఆయన ఎట్టుండాడు?”

సువార్త ముందుకు చూసింది. మస్తానయ్య అరుస్తున్న చేతిని చొక్కా కింద దాచుకుని, వంగి, వేగంగా నడుస్తున్నాడు.

“నడుస్తున్నాడు సార్.”

“సరే,” అన్నాడు రహంతుల్లా. “పొద్దు గూకేలోపు చేరండి. పాపం ఆ తల్లి ఎదురుచూస్తుంటది.”