బ్లాక్ లైట్‌లో కాసులపేరు

మల్లవ్వ ఒకే బండను మూడోసారి తుడుస్తోంది.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక కర్రీ పాయింట్ పైన ఛాయాదేవి డిటెక్టివ్ ఆఫీసు. మల్లవ్వ రోజూ పొద్దున్నే వచ్చి ఊడ్చి తుడిచి, అక్కణ్ణుంచి నాచారం వెళ్ళి ఒక అపార్ట్‌మెంట్‌లో ఇళ్ళపని చేసుకుంటుంది. పని మొదలుపెట్టిందంటే చేతులతో పాటు నోరూ ఆగదు. ఆ శనివారం మాత్రం పలకలేదు. అసిస్టెంట్ పద్మశ్రీ ఫైళ్ళు సర్దుతూ ఆమెనే గమనిస్తోంది. మడమల పగుళ్ళలో పసుపు ఇంకా పచ్చగానే ఉంది. చేతిలో గుడ్డ ఆరిపోయింది. అయినా రుద్దుతూనే ఉంది.

"అక్కా, బకెట్ల నీళ్ళు అట్లనే ఉన్నయి. ఏమైంది?"

మల్లవ్వ గోడకానుకుని కూలబడింది. "నన్ను దొంగ అంటున్నరు బిడ్డా."

లోపలి గదిలోంచి ఛాయాదేవి కాఫీ గ్లాసుతో బయటికొచ్చింది. యాభై దాటిన మనిషి. ఆమె గొంతు పెద్దదవడం పద్మశ్రీ ఇంతవరకూ వినలేదు.

"ఎవరన్నారు?"

"గిరిప్రసాద్ సారోళ్ళు. నిన్న వరలక్ష్మి పూజకు అమ్మోరికి కాసులపేరు ఏసిన్రు. రాత్రి సూస్తే లేదు. ఇయాల పొద్దుగూకేలోపట తెచ్చియ్యకుంటె స్టేషన్ల కేసు పెడ్తరంట. గా బిల్డింగ్‌ల ఇంకో నాలుగిండ్లల్ల గుడ పనిజేస్త. అందరు పొద్దుగాల్నే ఫోన్ జేసి రావద్దన్నరు. నా బిడ్డ మీద ఒట్టు మేడమ్, నేను తీయలే."

"ఒట్లెందుకులే. నిన్నే ఎందుకు అనుమానించారు?"

"చీకట్ల నేనొక్కదాన్నే కనవడలేదంట."

ఛాయాదేవి గ్లాసు కింద పెట్టింది. "చీకట్లో మిగతావాళ్ళు ఎలా కనబడ్డారట? పద్మా, బండి తీయి."

గిరిప్రసాద్ గారి ఫ్లాటు రెండో అంతస్తులో ఉంది. తలుపు తీసిన ఆయన భార్య రాజేశ్వరమ్మ, మల్లవ్వ వెనకున్న ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"పనిమనిషి డిటెక్టివ్‌ను వెంటబెట్టుకొచ్చిందా! ఏం రోజులొచ్చాయండీ!"

"పోలీసులొస్తే ఎలాగూ అన్నీ చెప్పాలిగా. ముందు నాకు చెబితే అలవాటవుతుంది" అంది ఛాయాదేవి, చెప్పులు విడుస్తూ.

హాలు చాలా చిన్నది. సోఫా, రెండు కుర్చీలు, టీవీ పెడితే మనుషులు పక్కకి తిరిగి నడవాలి. ఒక మూల పూజ అల్మరా, దాని పక్కనే వంటింటి గుమ్మం. టీవీ మీది గోడకు రెండు నల్లటి ట్యూబులు బిగించి ఉన్నాయి.

"బ్లాక్ లైట్లండీ" అన్నాడు కొడుకు తేజేష్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "నిన్న పూజ, మా ఆవిడ పుట్టినరోజు ఒకేరోజు పడ్డాయి. మా ఆఫీసువాళ్ళు ఇద్దరొచ్చారు. మగవాళ్ళం అందరం తెల్లబట్టలు వేసుకున్నాం. మామూలు లైట్లార్పి ఇవి వేస్తే బట్టలు నీలంగా వెలుగుతాయి. కేకు కోసే వరకూ చీకట్లో ఇవే. ఎవరు కదిలినా ఆ చొక్కా కదిలినట్టు తెలిసిపోతుంది. అల్మరా వైపు ఏ చొక్కా వెళ్ళలేదు. అమ్మ, మా ఆవిడ కేకు దగ్గరే ఉన్నారు. మల్లవ్వ ఒక్కతే ముదురురంగు చీరలో ఉంది. ప్లేట్లు పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడింది."

"మీ నాన్నగారు?"

"ఆయనా తెల్ల పంచెలోనే ఉన్నారు. అదిగో, ఆ కుర్చీలో."

"చూశారా?"

"కూర్చున్నారు కదండీ" అన్నాడు తేజేష్. ఆ తర్వాత కాస్త ఆలోచనలో పడ్డాడు.

"ఈ లైట్లు ముందెప్పుడైనా వేసి చూశారా?"

"మొన్న బిగించినప్పుడు వేశా. ఇంట్లో నాన్నగారొక్కరే ఉన్నారు. 'దయ్యాల కొంపలా ఉంది' అని లేచి వెళ్ళిపోయారు."

కోడలు ధనశ్రీ కళ్ళు నిద్రలేక ఉబ్బి ఉన్నాయి. "నేను కేకు దగ్గరే ఉన్నానండీ. అంతకుముందే అత్తయ్య నా కాళ్ళకి పసుపు రాశారు. లైట్లు వేయగానే ఈయన ఫ్రెండ్స్ ఒకటే నవ్వు, పాదాలు ఏలియన్‌లా ఉన్నాయని. సిగ్గేసి సోఫా కిందికి ముడుచుకున్నా."

"నగ ఎవరిది?"

"మా అత్తగారిది" అంది రాజేశ్వరమ్మ. "ఆవిడ పోయి ఏడాదయింది. పాతకాలం నగ కదా, ఇవాళ కొట్లో ఇచ్చి కరిగించి, కోడలికి కొత్త మోడల్ హారం చేయించాలనుకున్నాం. ఆయనా సరేనన్నారు. పూజయ్యేవరకు అమ్మవారి మెడలో ఉండనీ, రాత్రికి తీసి బీరువాలో పెడదామనుకున్నా. లైట్లార్పే ముందు మెడలోనే ఉంది, మళ్ళీ వేశాక చూస్తే లేదు. ఇంతలో ఈవిడ..."

"నేను ముట్టుకోలేదమ్మా" అంది మల్లవ్వ.

"నువ్వు మాట్లాడకు!"

పద్మశ్రీకి ఆ ఇంట్లో అందరి మీదా అనుమానమే వచ్చింది. కోడలు పాదాలెందుకు దాచుకుంది? కొడుకెందుకు తడబడ్డాడు? అత్తగారి కోపమెందుకు అంత ఎక్కువ? ఆలోచిస్తూ బాల్కనీలోకి వెళ్ళి, పైన దండెం మీద ఆరేసిన తెల్ల పంచెను తప్పించబోయి చెయ్యెత్తింది.

"ముట్టుకోకమ్మాయ్!" రాజేశ్వరమ్మ కేకేసింది. "అది మడిబట్ట. నన్నే ముట్టనివ్వరు. సబ్బుపొడి కూడా తగలకూడదు. ఆయనే ఉత్తనీళ్ళలో జాడించుకుని, ఆయనే కర్రతో ఆరేసుకుంటారు. ఎన్నేళ్ళ నాటి నేతపంచెలో అవి!"

పద్మశ్రీ చెయ్యి దించుకుని వెనక్కి తిరిగింది. ఛాయాదేవి దండెం వైపే చూస్తోంది. ఆమె ముఖంలో ఏదో తేలికైనట్టు అనిపించింది.

కుర్చీలో కూర్చున్న గిరిప్రసాద్ అలాంటి నేతపంచె మీదే ఉత్తరీయం కప్పుకుని ఉన్నాడు. అడిగినదానికి ఒకే మాట చెప్పాడు. "నేనిక్కడే కూర్చున్నాను. ఏమీ చూడలేదు."

"మీ అమ్మగారి నగ పోయింది కదా. పోలీసులకు చెప్పమని మీరెందుకు అనలేదు?"

"వాళ్ళంటున్నారుగా" అన్నాడు ఆయన, కిటికీ వైపు చూస్తూ.

ఛాయాదేవి లేచింది. "తేజేష్, నిన్నటి చొక్కా వేసుకురండి. పద్మా, తలుపులు మూసి పరదాలు లాగు. రాజేశ్వరమ్మగారూ, అందరూ నిన్న ఉన్నచోటే ఉండండి. మల్లవ్వా, నువ్వు గుమ్మంలో నిలబడు."

గది చీకటైంది. ట్యూబులు చిన్నగా గుయ్యిమని ఊదారంగులో వెలిగాయి. తేజేష్ చొక్కా నీలిమంటలా లేచింది. ఆ వెంటనే రాజేశ్వరమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. వంటింటి గుమ్మంలో నేల మీద రెండు పాదాలు పచ్చగా, మిణుకుమిణుకుమంటూ కనిపిస్తున్నాయి.

"అవి మల్లవ్వ కాళ్ళు" అంది ఛాయాదేవి. "పసుపు ఈ లైట్లో దానంతట అదే వెలుగుతుంది. ఒక రాత్రి గడిచి, పొద్దున మా ఆఫీసు బండలు తుడిచి వచ్చాక కూడా ఇంత వెలుగుంది. నిన్న సాయంత్రం ఎంత ఉండాలి? ఆ పసుపు ఎవరు రాశారు?"

"నేనే... ముత్తయిదువ కదా అని, తాంబూలమిచ్చి..." రాజేశ్వరమ్మ గొంతు తగ్గిపోయింది.

"పని చేసే మనిషి, చీర పైకి దోపుకుని ఉంటుంది. ఆమె ఒక్క అడుగు వేసినా అందరికీ కనబడేది. మీకూ, మీ కోడలికీ కూడా అంతే. ఆడవాళ్ళను పాదాలు పట్టిస్తాయి, మగవాళ్ళను చొక్కాలు పట్టిస్తాయి. తేజేష్, ఇప్పుడు మీ నాన్నగారు ఎక్కడున్నారు?"

తేజేష్ కుర్చీ వైపు తిరిగాడు. అక్కడ ఏ వెలుగూ లేదు. మసకలో మసకగా ఒక ఆకారం మాత్రం ఉంది.

"తెల్లపంచె కదా..." అన్నాడు నమ్మలేనట్టు.

"గుడ్డ తెల్లగా ఉంటే చాలదు. సబ్బుపొడుల్లో తెలుపు మెరవడానికి ఒక మందు కలుపుతారు. ఈ లైట్లో వెలిగేది ఆ మందు. మడిబట్టకు సబ్బే తగలదు. మొన్న మీరు స్టూలెక్కి ట్యూబులు చూసుకుంటుంటే, ఆయన తన పంచె చూసుకున్నారు. పగలంతా ఇంటి నిండా జనం. రాత్రికి నగ బీరువాలోకి పోతుంది, తెల్లారితే కొట్టుకి పోతుంది. ఆయనకున్నది కేకు కోసే ఆ కాసేపే. లైట్లు వేయి పద్మా."

పద్మశ్రీ స్విచ్ నొక్కింది. గిరిప్రసాద్ తలవంచుకుని ఉన్నాడు.

"ఈ ఇంట్లో మరెవరూ చెయ్యిపెట్టని చోటు ఒక్కటే. మీ మడిబట్టల పెట్టె. నన్ను తీయమంటారా, మీరే తెస్తారా?"

ఆయన లోపలికెళ్ళి కాసులపేరు తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు.

"అమ్మ మెడలో తప్ప ఇంకోచోట చూడలేదు దీన్ని. కరిగిస్తామంటే అందరి ముందూ సరేననేశాను. తర్వాత వద్దనడానికి నోరు రాలేదు."

"అది సరే. మల్లవ్వను దొంగ అంటుంటే కూడా రాలేదా?"

ధనశ్రీ ఏడుపు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. తేజేష్ తండ్రిని కొత్తమనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

"రాజేశ్వరమ్మగారూ," అంది ఛాయాదేవి, "ఆ నాలుగిళ్ళకూ పొద్దున ఫోన్ చేసింది మీరే కదా? ఇప్పుడు మళ్ళీ చేయండి. నగ ఎక్కడ దొరికిందో కూడా చెప్పండి."

"ఇంట్లో విషయం... బయటికెలా..."

"పొద్దున మల్లవ్వ విషయం బయటికే చెప్పారుగా."

నాలుగు ఫోన్లూ అయ్యేవరకు ఎవరూ కదల్లేదు. ప్రతిసారీ "మా వారే తీసిపెట్టారట" అనేచోట రాజేశ్వరమ్మ గొంతు తడబడింది. నాలుగోది పెట్టేసి, ఆమె గుమ్మం వైపు తిరిగింది.

"ఏమీ అనుకోకు మల్లవ్వా. కంగారులో నోరుజారాను. కూర్చో, కాఫీ కలుపుతా. రేపట్నుంచి మామూలుగా వచ్చెయ్, సరేనా?"

మల్లవ్వ ఆమెను చూసింది. కుర్చీలో ఉన్న గిరిప్రసాద్‌ను అంతకంటే ఎక్కువసేపు చూసింది. పద్మశ్రీ ఏదో అనబోతే ఛాయాదేవి వద్దన్నట్టు చెయ్యి పట్టుకుంది.

కొంగు భుజం మీదికి లాక్కుని, మల్లవ్వ తలుపు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.