కార్క్ నేల మీద అడుగు

ఆదివారం పొద్దున్నే కోడలు వంటింటి టేబుల్ మీద కార్క్ పలకలు, సీసా బిరడాలు చేసే మెత్తటి బెరడుతో నేలకి వేసేవి, పరిచింది. తేనె రంగుది ఒకటి, కాఫీపొడి రంగుది ఒకటి, చుక్కలది ఒకటి. అడుగేస్తే మెత్తగా ఉంటాయని, మోకాళ్ళకి సుఖమని దుకాణంవాడు చెప్పగానే ఆమెకు గుర్తొచ్చింది అత్తగారే. గట్టి చెక్కనేల మీద నిలబడి వండీ వండీ ఆవిడ మోకాళ్ళు పట్టేస్తున్నాయి.

"అత్తయ్యా, ఏ రంగు బావుంది?"

స్టవ్ వైపు తిరిగి ఉన్న అత్తగారు ఉలకలేదు, పలకలేదు.

ఈ మధ్య ఇదే వరస. ఏం తప్పు జరిగిందో చెప్పకుండా ఆవిడ మూతి బిగించుకుంటే కోడలికి ఎలా తెలుస్తుంది? భర్తనడిగితే "అమ్మ సంగతి తెలుసుగా" అంటూ పేపరు చాటుకు పోతాడు. కోడలు పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. రోజంతా వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడే మనిషి, ఇంటి గుమ్మం తొక్కేసరికి పళ్ళు బిగపట్టుకోవడం అలవాటు చేసుకుంది.

పలక తీసుకెళ్ళి ఆవిడ కళ్ళముందు పెట్టింది.

"ఏదీ వద్దు. ఉన్న చెక్కల్ని ఉండనీ."

"మీ మోకాళ్ళ కోసమే కదా అత్తయ్యా."

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

"ఇద్దరూ కాస్త తగ్గండి," అన్నాడు భర్త, పేపరు దించి. ఇద్దరూ ఒకేసారి తనవైపు చూసేసరికి టీకప్పుతో సహా వాకిట్లోకి జారుకున్నాడు.

అత్తగారు స్నానానికి వెళ్ళగానే కోడలు పట్టుదలకొద్దీ దుకాణంవాడిచ్చిన నమూనా పెట్టె విప్పి, గుమ్మం దగ్గర్నించి స్టవ్ దాకా పలకలు పేర్చింది. ఒక్కసారి కాలు పెడితే ఆవిడే దారికొస్తుందని ధీమా. ఆవిడ వచ్చింది, కిందికి చూసి నిట్టూర్చింది, వాటిమీదే నిలబడి పాలు కలపసాగింది.

"ఎలా ఉంది అత్తయ్యా?" గుమ్మంలోంచి అడిగింది కోడలు. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. గోడకు చెప్పినట్టే ఉంది. ఉడుక్కుంటూ వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

ఆవిడ ఒక్క ఉదుటున ఎగిరిపడింది. గరిటె తగిలి గిన్నె ఒరిగి పాలన్నీ నేలపాలయ్యాయి.

"పిల్లిలా వెనకనించి వస్తావేమిటి? ప్రాణం పోయిందనుకున్నా."

"రెండుసార్లు పిలిచాను. నేనంటే అంత గిట్టకపోతే మొహం మీదే చెప్పండి. మీ లెక్కలో నేను మనిషినే కాదా?"

అత్తగారు కోడలి కళ్ళలోకి కాదు, పెదాల వైపు చూస్తోంది. ఆ చూపు కోడలు ఎరిగిందే. కళ్ళజోళ్ళ దుకాణంలో అక్షరాలు కనపడక, కనపడుతున్నట్టు నటించేవాళ్ళ మొహంలో ఉంటుంది. ఆమె కోపం చప్పున చల్లారింది.

"అత్తయ్యా," నెమ్మదిగా అంది, "మీకు వినపడటం లేదా?"

ఆవిడ కుర్చీలో కూలబడింది. "కొంచెం కొంచెంగా పోయింది. చెబితే నాతో మాటలు తగ్గించేస్తారని భయం. ఆ చెక్కలే నాకు చెవులమ్మాయ్. ఎవరొస్తున్నా వాటి అదురు నా పాదాలకి తెలుస్తుంది. వాడు కాళ్ళీడ్చుకుంటూ వస్తాడు. నీకు మడమ ముందు పడుతుంది. ఈ మెత్తటి పలకల మీద నువ్వొచ్చావని కూడా తెలీలేదు."

కోడలు తన కాళ్ళకింది కార్క్ వైపు చూసింది.

"పైగా కొన్నాళ్ళుగా నీ మడమలు మరీ గట్టిగా పడుతున్నాయి. నామీద దేనికో కోపంగా ఉన్నావని తెలుస్తూనే ఉంది. అడిగితే నీ జవాబు నాకు వినపడి చావదని ఊరుకున్నాను."

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "మీరు పలకడం లేదనే కదా ఆ కోపం." ఆవిడ చేతులు పట్టుకుని పాలలోనే చతికిలబడింది. అత్తగారికి తన మీద కోపం లేదు. ఆ ఒక్క సంగతితో గుండెల మీంచి బండ దిగినట్టయింది.

కళ్ళు తుడుచుకున్నాక అంది, "కళ్ళజోడు పెట్టుకోడానికి సిగ్గుపడేవాళ్ళని రోజూ చూస్తాను. పెట్టుకున్నాక అద్దం ముందునుంచి కదలరు. చెవి మిషనూ అంతే. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను."

అత్తగారు పాదంతో పలకని ఒకసారి నొక్కి చూసింది. "సరే. నిజం చెప్పొద్దూ, ఇవి మోకాళ్ళకి హాయిగానే ఉన్నాయి. తేనె రంగుది తీసుకో."

కార్క్ స్టవ్ ముందు మటుకే వేయించారు. హాల్లోనూ టేబుల్ కిందా చెక్కలు అలాగే ఉన్నాయి.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం అత్తగారు చెవి మిషను తీసి డబ్బాలో పెట్టేసి, గుమ్మానికి వీపు పెట్టి చిక్కుళ్ళు ఒలుస్తోంది. కోడలు పని నుంచి వచ్చి హాలు దాటి వంటింట్లో అడుగు పెట్టింది.

"ఇవాళ తేలిగ్గా నడుస్తున్నావే," అంది ఆవిడ, తల తిప్పకుండానే.

కోడలు టేబుల్ చుట్టూ తిరిగి వెళ్ళి, ఆవిడకు ఎదురుగా కూర్చుని, అప్పుడు జవాబు చెప్పింది.