సాసు పోసిన రెండో నంబరు పళ్ళెం

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. గొంతెత్తి చెప్పే కథ కాదిది.

మన మెల్‌బోర్న్‌లోనే ఏజెంట్ ఏడు అని ఒకావిడ ఉండేది. అసలు పేరు నెరిడా పాస్కో. ఆ పేరుతో పిలిపించుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. ఆఫీసులో ఏడు. అద్దె ఇళ్ళలో ఓ చోట మేవిస్, ఇంకో చోట డోరీన్. ముగ్గుబుట్ట తల, మోకాళ్ళ నొప్పులు, చంకలో పెద్ద సంచీ. ట్రాములో పక్కనే కూర్చున్నా ఎవరి కంటా పడదు. గూఢచారికి అంతకన్నా మారువేషం ఏం కావాలి? మనిషికి అంతకన్నా శిక్ష ఏం కావాలి?

చలి మొదలైన రోజులు. ఆఫీసరు టాంకిన్ ఆమెను ఫుట్‌బాల్ మైదానం బయటికి రమ్మన్నాడు. చేతిలో మీట్‌పై అనే మాంసం కజ్జికాయ, గడ్డం మీద సాసు.

"ఏడూ, నువ్విప్పుడు వీగన్‌వి. మాంసం లేదు, పాలు లేవు, గుడ్లు లేవు."

"నేనా? బేకన్ వాసన రాందే నాకు తెల్లారదయ్యా."

"నోరు కట్టుకో. ఇల్సా బ్రాండెస్ అని సైంటిస్టు. సముద్రం అడుగున జలాంతర్గాముల చప్పుడు పట్టే యంత్రం ఆవిడ బుర్రలో ఉంది. విదేశీ ముఠా కొనబోయింది, అమ్ముడుపోలేదు. ఇక చంపేస్తారు. ఇల్లు కదలని మనిషి, వీగన్ క్లబ్బుకి మాత్రం తప్పకుండా వస్తుంది. ఈ ఆదివారం అక్కడ షాపుల్లో దొరికే గుడ్డు కాని గుడ్లు తిని, ఏది మేలో తేలుస్తారట."

"గుడ్డు కాని గుడ్డేమిటి, నా మొహం!"

"నాకేం తెలుసు? తిని నేర్చుకో. ముఠాలో మన మనిషి ఉంది, వివియన్. డబుల్ ఏజెంట్. ఆమే ఆదివారం వంట చేస్తుంది. నిన్ను ముందే కలుస్తుంది." అంటూ టాంకిన్ జేబులోంచి పిసికే రకం చిన్న టమాటా సాసు సీసా తీశాడు. "మూతలో మైకుంది. తిప్పితే నాకు వినపడుతుంది."

"మరి లోపల?"

"సాసే."

నెరిడా సూపర్ మార్కెట్‌కి వెళ్ళి నాలుగు రకాలు తెచ్చుకుంది. బాటిల్లోది పెసరపప్పు సరుకు. పెనం మీద పోస్తే మెత్తగా, పసుపుపచ్చగా పొరలు కట్టి అచ్చం గుడ్డు పొరుటులా వచ్చింది. కాసేపు వదిలేస్తే మాత్రం చుట్టూ నీరు ఊరింది. రెండోది శనగపిండి పొడి. గట్టిగా నిలబడింది, అంచులు పగిలాయి, పళ్ళ కింద రబ్బరు. మూడో పొడి కేకులకట. ఆ సంగతి తెలీక పెనం మీద వేస్తే పోస్టరు అంటించే జిగురైంది. నాలుగోది సోయాతో చేసి గుడ్డు ఆకారంలో పోతపోసింది. చూపుకి గుడ్డే, నోట్లో వేసుకుంటే చప్పటి జెల్లీ.

పొద్దునా అవే, సాయంత్రమూ అవే. "ఇది కొంచెం నయం కదూ?" అని అడిగింది ఒకసారి. ఎదుట ఉన్నది కెటిల్. రుచి అన్నాక కాదనడానికైనా ఇంకో నోరు ఉండాలి కదా. ఒంటిగా తినేవాళ్ళకి ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పేదెవరు?

శుక్రవారం పొద్దున్న తలుపు చప్పుడైంది. ముందు అత్తరు వచ్చింది, వెనకాల ఎర్రకోటు వచ్చింది.

"మీ కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా?"

"మా కోళ్ళు సెలవులో ఉన్నాయి."

కోడ్ కుదిరింది. వివియన్ కిసుక్కున నవ్వి, కోటు కుర్చీకి తగిలించి, చనువుగా పొయ్యి దగ్గరికి వచ్చేసింది. "జరగక్కా, పెనం ఇటివ్వు. అలా కెలికితే అది గుడ్డు కాదు, సిమెంటు."

నాలుగూ వండుకున్నారు. నాలుగూ తిన్నారు. వివియన్ సంచీలోంచి చిన్న డబ్బా తీసింది. "నల్లుప్పు. మంట మీద వేస్తే గుడ్డు వాసన ఎగిరిపోతుంది. దింపాకే చల్లాలి."

నెరిడా చల్లుకుని ఓ ముద్ద తింది. "ఓరి దేవుడా! మా ఊరు మిల్డురాలో మా అమ్మ కోళ్ళగూడు!"

"గూడు వాసనా, గుడ్డు వాసనా?"

"రెండూ!"

కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. వివియన్ శనగపిండి ముక్కను ఫోర్కుతో నొక్కి చూసింది. "దీంట్లో సున్నం కలిపినా ఎవరికీ తెలీదక్కా. అదే ఆ బాటిల్ సరుకైతే, చిటికెడు ఏది పడ్డా విరిగిపోతుంది." తర్వాత మెల్లగా అడిగింది: "డోరీన్ కాదుగా నీ పేరు?"

చెప్పకూడదు. ఆఫీసులో మొదటి పాఠమే అది. "నెరిడా," అంది.

"నెరిడా... బాగుంది. ఈ పని అయ్యాక మా ఇంటికి రా నెరిడా. నిజం గుడ్లు వేసి పెడతాను."

ఆమె వెళ్ళాక, ఆమె తిన్న ఆ రెండో పళ్ళెం నెరిడాకి కడగబుద్ధి కాలేదు. ఆదివారం దాకా సింకు పక్కనే ఉంచుకుంది.

ఆ క్లబ్బు నియమాలు చర్చికి కూడా ఉండవు. బాటిళ్ళ సీలు అందరి ముందూ తీయాలి. వంటింటి తలుపు వేసి వండాలి. ఏ నంబరు ఏ సరుకో చెప్పకూడదు. ఒకరి మాట ఇంకొకరి నాలుకని పాడుచేస్తుందని, ఆఖరి పళ్ళెం దాకా ఎవరూ నోరెత్తకూడదు. ప్రతి నంబరుకీ మొదటి ముద్ద అధ్యక్షురాలిది. అధ్యక్షురాలు ఇల్సాయే. అన్నిటికన్నా పెద్ద నేరం ఇంకోటుంది, సాసు. సాసు తగిలిన పళ్ళెం చెత్తబుట్టకే.

మొదటి నంబరు అయింది. వివియన్ తెల్లటి ఏప్రాన్‌లో కూడా రాణిలా నడిచి వచ్చి రెండో నంబరు పంచింది. నెరిడా తన పళ్ళెం చూసుకుంది. మెత్తటి పొరలు, అడుగున సన్నగా నీరు. పెసరది. పక్కన ఇల్సా పళ్ళెం చూసింది.

నీరు లేదు. గట్టిగా నిలబడింది. అంచులు పగిలాయి. ఏదో చేదుని దాచాలన్నట్టు నల్లుప్పు గుప్పుమంటోంది.

అందరికీ ఒకటి, ఆవిడకి ఒకటి.

సున్నం కలిపినా తెలీదక్కా. వివియన్ అన్న మాటే. ఆ శుక్రవారం తన బల్ల దగ్గర కూర్చున్నది స్నేహితురాలు కాదు. వంట సాధన చేసుకోడానికి వచ్చిన హంతకురాలు.

ఇల్సా ఫోర్కు ఎత్తింది. అరిస్తే ముఠా మనుషులు ఎవరైనా ఉంటే జారుకుంటారు. ఊరుకుంటే ఓ ప్రాణం పోతుంది. ముద్ద పెదాల దాకా వచ్చేసింది.

నెరిడా సంచీలో చెయ్యిపెట్టి, సాసు సీసా తీసి, పిసికింది. పళ్ళెం మీద, ఫోర్కు మీద, ఇల్సా ముక్కు మీద, ఎర్రగా.

హాలంతా "హా" అంది. ఇల్సా ఫోర్కు విసిరికొట్టింది.

"మతుండే చేశారా ఈ పని?"

"సాసు లేకపోతే నాకు ముద్ద దిగదమ్మా. మీకూ అంతేననుకున్నా," అని గొణిగి, నెరిడా ఆ పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి నడిచి తలుపు మూసింది. సీసా మూత తిప్పి బల్ల మీద పెట్టింది.

"వివియన్, ఒక్క ముద్ద తిను."

"సాసు పడింది కదక్కా."

"సాసు పడనిచోట తిను."

వివియన్ పళ్ళెం వంక చూసింది. నెరిడా వంక చూసింది. ఆమె చెయ్యి కత్తి వైపు జరిగింది.

"పెరటి గుమ్మంలో టాంకిన్ ఉన్నాడు," అంది నెరిడా. "వద్దమ్మా."

చెయ్యి ఆగింది. తలుపు తెరుచుకుంది. చప్పుడు లేకుండా, హాల్లో వాళ్ళకి చెంచా మోత కూడా వినపడకుండా, టాంకిన్ మనుషులు వివియన్‌ని తీసుకెళ్ళారు. ఆ పళ్ళెం కూడా తీసుకెళ్ళారు. గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరిగింది.

"ఆ రోజు నవ్వింది మాత్రం నిజంగానే నవ్వాను, నెరిడా."

ఆ పేరు నెరిడా చెవిన పడటం అదే ఆఖరు.

హాల్లోకి తిరిగొచ్చేసరికి ఇల్సా ముక్కు తుడుచుకుంటోంది. "డోరీన్ గారూ, మీ సంచీ తీసుకోండి. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకండి. ఇన్నేళ్ళలో ఇంత మోటు మనిషిని చూడలేదు."

"క్షమించండమ్మా," అని నెరిడా ట్రాము ఎక్కింది. ఇంటికొచ్చి, సింకు పక్కనున్న రెండో పళ్ళెం ఇప్పుడు కడిగింది. బాటిల్లో మిగిలినది పొరుటు చేసుకుని, దింపాక నల్లుప్పు చల్లుకుని, కెటిల్ ఎదురుగా కూర్చుని తింది.

ఆవిడ ఎవరితోనూ చెప్పుకోలేదు, చెప్పుకోకూడదు. అందుకే మీకు చెప్పాను, గుర్తుంచుకోండి. మీ వాళ్ళకీ చెప్పండి, ఆవిడ పేరుతో సహా. ఆ క్లబ్బు వాళ్ళు ఎవరైనా ఎదురుపడి ఆ మోటు మనిషి సంగతి ఎత్తితే, ఆవిడ సాసు పోసింది రుచి కోసం కాదని చెప్పండి. అయితే ఆ రాత్రి తింటూ తింటూ ఆవిడ ఒకటి మాత్రం తేల్చుకుందట: పెసర గుడ్డుకి సాసు నిజంగానే బాగుంటుంది.