రెండు జంటలకు ఒకే ఇల్లు

ఆ ఉదయం పెద్దకోడలు పాపకు జడ వేస్తూ ఉంటే, భర్త ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన పాఠాలు చెప్పే ట్యూషన్ సెంటరు మూతపడి ఐదు నెలలైంది. అప్పటినుంచీ పొద్దున లేవగానే పైదేశాల్లో ఇంగ్లీషు టీచర్ల ఉద్యోగాల ప్రకటనలు చూడటం ఆయనకు పళ్ళు తోముకోవడమంత అలవాటైపోయింది. రోజూ చూసి నిట్టూర్చి ఫోను పక్కన పడేసే మనిషి, ఆ రోజు మాత్రం నిట్టూర్చలేదు.

"ఇది కాస్త వింటావా?" అన్నాడు.

సముద్రం అవతలి దేశంలో, ఒక చిన్న ఊళ్ళో బడి. ఇంగ్లీషు చెప్పగల భార్యాభర్తలు కావాలి. ఒక జంట కాదు, రెండు జంటలు. ఇల్లు బడివాళ్ళే ఇస్తారు. రెండు పడగ్గదులు, ఒకే హాలు, ఒకే వంటిల్లు. ఇదివరకు ముక్కూమొహం తెలియని జంటల్ని ఒక్క ఇంట్లో పెడితే, ఏడాది తిరక్కుండానే పోట్లాడుకుని వెళ్ళిపోయారట. అందుకని ఈసారి కలిసి దరఖాస్తు పెట్టుకునే జంటలనే తీసుకుంటారట. పిల్లలుంటే చదువు కూడా ఆ బడిలోనే.

పెద్దకోడలు జడకు రిబ్బను కట్టి, పాపను బూట్లు వేసుకోమని పంపింది. ఆవిడ పనిచేసే స్కూల్లోనూ వచ్చే ఏడాది నుంచి ఇంగ్లీషుకు ఇద్దరు టీచర్లే చాలని తేల్చారు. ఆ ఇద్దరిలో తను లేదన్న సంగతి ఎవరూ పైకి చెప్పకపోయినా, స్టాఫ్ రూములో అందరూ తనతో మరీ మెత్తగా మాట్లాడుతూండటంతో ఆవిడకు అర్థమైపోయింది.

"మనకు తెలిసిన టీచర్ల జంట ఇంకెవరున్నారు?" అని భర్త ఆవిడ మొహం చూడకుండా అడిగాడు.

ఎవరున్నారో ఇద్దరికీ తెలుసు. ఆయన తమ్ముడూ, తమ్ముడి భార్యా. అత్తగారు పోయి ఆరేళ్ళైనా ఆవిడ పెట్టిన పిలుపులే బంధువులందరికీ నాలుకమీద నిలిచిపోయాయి. ఈవిడ పెద్దకోడలు, ఆ అమ్మాయి చిన్నకోడలు. నాలుగేళ్ళ కిందటి వరకూ అందరూ ఈ ఇంట్లోనే ఉండేవాళ్ళు. ఒకరోజు పొద్దున చిన్నకోడలు రెండు పెట్టెలు సర్దుకుని, భర్త అప్పట్లో పనిచేసే చోటికి దగ్గరలో ఇల్లు దొరికిందని చెప్పి వెళ్ళిపోయింది. గొడవా లేదు, మాటా మాటా అనుకోవడమూ లేదు. ఆ తరువాత పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పలకరించుకోవడమే మిగిలింది.

"నీ ఇష్టం. అడిగి చూడు," అంది పెద్దకోడలు.

తమ్ముడు అడగ్గానే ఒప్పుకున్నాడు. ఆఫీసుల వాళ్ళకు ఫోన్లో ఇంగ్లీషు నేర్పే అతని పని కూడా సగానికి సగం తగ్గిపోయిందట. ఆదివారం ఇద్దరూ వచ్చారు. పాప పిన్ని కొంగు పట్టుకుని తన బొమ్మలన్నీ చూపించింది. మరిది ఎప్పటిలాగే జోకులు వేశాడు. దరఖాస్తుతోపాటు ప్రతివాళ్ళూ అవతలి జంటలో ఒకరి గురించి ఒక పేజీ రాయాలన్న నియమం చదివినప్పుడు, "మా అన్నయ్య గురించా? ఆయన గురక గురించే రెండు పేజీలు పడుతుంది," అన్నాడు. అన్నదమ్ములు ఒకరి గురించి ఒకరు, తోడికోడళ్ళు ఒకరి గురించి ఒకరు రాయాలని తేలింది. ఎలా పాఠం చెబుతారు, ఇంట్లో ఎలా ఉంటారు, ఇవీ రాయాల్సినవి.

చిన్నకోడలు తలూపి ఊరుకుంది. పెద్దకోడలు మాత్రం ఆ నియమాన్ని మళ్ళీ మొదటినుంచీ చదివింది.

నాలుగేళ్ళ కిందట ఆవిడ స్కూల్లో ఇంగ్లీషు టీచరు ఖాళీ వస్తే చిన్నకోడలు దరఖాస్తు పెట్టింది. ఆరో తరగతిలో ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. పెద్దకోడలు వెనక బెంచీలో కూర్చుని ఆ పాఠమంతా చూసింది. తరువాత హెడ్మిస్ట్రెస్ గదిలోకి పిలిచి, మీ ఇంటి మనిషే కదా, ఎలా చెప్పింది అని అడిగింది. "పిల్లల్ని అదుపులో పెట్టడం ఇంకా రాదండీ. రెండేళ్ళు ఆగితే బాగుంటుంది," అని చెప్పింది పెద్దకోడలు. అది అబద్ధం. ఆ సంగతి ఆవిడకు అప్పుడే తెలుసు. ఇంటికి వచ్చాక, ఉద్యోగం రాలేదని చిన్నకోడలు చెబితే, అయ్యో అని జాలి కూడా చూపించింది. ఆ మాట ఎప్పటికైనా బయటపడుతుందేమోనన్న బెదురు ఈ నాలుగేళ్ళలో ఏ ఒక్కరోజూ ఆవిడను పూర్తిగా వదల్లేదు.

ఆ వారమంతా ఆవిడ పేజీ రాస్తూనే ఉంది. రాసి చింపింది, మళ్ళీ రాసింది. చివరికి పొగడ్తలతో నిండిన ఒక పేజీ తయారైంది. చిన్నకోడలంత ఓర్పు గల టీచరు లేదని, పిల్లలంటే ప్రాణమని, ఇంట్లో సొంత చెల్లెలిలా ఉంటుందని. రాశాక హాయిగా ఉంటుందనుకుంది. ఉండలేదు.

మరుసటి ఆదివారం ఇంటర్వ్యూ కోసం సాధన చేద్దామని మళ్ళీ అందరూ కలిశారు. మరిది అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని, బడి ప్రిన్సిపాల్ అవతారమెత్తి బల్ల అవతల కూర్చున్నాడు. ఎందుకు రావాలనుకుంటున్నారు, వంట ఎవరు చేస్తారు అంటూ గంభీరంగా అడుగుతుంటే పాప పడీ పడీ నవ్వింది. తరువాత అతను కళ్ళజోడు సవరించుకుని, "ఇదివరకు మీరంతా ఒకే ఇంట్లో ఉన్నారు కదా. ఎందుకు విడిపోయారు?" అన్నాడు.

తప్పకుండా అడిగే ప్రశ్నే ఇదని మరిది అన్నాడు. ఇల్లు ఇరుకైందని చెబితే సరిపోతుందని అన్నయ్య అన్నాడు. చిన్నకోడలు మంచినీళ్ళు తెస్తానంటూ లేచి వంటింట్లోకి వెళ్ళింది. పెద్దకోడలు ఒక నిమిషం ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుని, తనూ లేచి వెళ్ళింది.

చిన్నకోడలు కుళాయి కట్టేసి, ఇటు తిరిగింది. "నా గురించి పేజీ రాశారా అక్కా?"

రాశానని చెప్పి, ఫ్రిజ్ మీది ఫైల్లోంచి తీసి ఇచ్చింది. చిన్నకోడలు నిలబడే చదివింది. చదివి, కాగితాన్ని ఉన్న మడతల్లోనే మళ్ళీ మడిచింది.

"బాగుంది. కానీ ఇది ఎవరి గురించైనా రాయొచ్చు," అంది. "మీరు నా క్లాసు ఎప్పుడు చూశారు?"

పెద్దకోడలు ఫైలు మూసి మళ్ళీ ఫ్రిజ్ మీద పెట్టింది.

"ఒక్కసారే చూశారు. ఆరో తరగతి. వెనక బెంచీలో కూర్చున్నారు. ఆ తరువాత ఆఫీసు గదిలో ఏం చెప్పారో నాకు తెలుసు."

"ఎవరు చెప్పారు?" అనేసింది పెద్దకోడలు. తప్పైందని కాదు, ఎవరు చెప్పారని. ఆ మాట ముందుగా తన నోటినుంచి వచ్చినందుకు ఆవిడ తరువాత చాలాకాలం సిగ్గుపడింది.

"హెడ్మిస్ట్రెస్సే. మీ తోడికోడలే ఆగమంది, నీ మంచికే అనుకో అన్నారు. అలాగే అనుకుందామని చూశాను. కుదర్లేదు. మీ ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే ముద్ద దిగేది కాదు. అందుకే ఇల్లు మారాం. మీ మరిదికి కూడా చెప్పలేదు. చెబితే అన్నదమ్ముల మధ్య మాటలుండవని."

"అన్నీ తెలిసి మరి ఇప్పుడెందుకు వచ్చావు?"

"నాకు ఉద్యోగం కావాలి. అందుకొచ్చాను. కోపం పోయి రాలేదు." చిన్నకోడలు చేతిలోని కాగితం చూపించింది. "అప్పుడు లేని తప్పు చెప్పారు. ఇప్పుడు చూడని గొప్ప రాశారు. రెండూ ఒకటే అక్కా. ఆ రోజు మీరేం చూశారో అది రాయండి. నిజంగానే నేను బాగా చెప్పలేదనిపిస్తే అదే రాయండి. నేనేమీ అనుకోను."

కాగితం గట్టుమీద పెట్టి, గ్లాసులు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళాక పెద్దకోడలు భర్తతో అంతా చెప్పింది. ఆయన కేకలేస్తాడనుకుంది. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"వాడు నావల్ల వెళ్ళిపోయాడనుకున్నాను," అన్నాడు. "నేనేం అన్నానా, ఎప్పుడు అన్నానా అని నాలుగేళ్ళు వెతుక్కున్నాను."

ఆ మాటతో పెద్దకోడలికి తలెత్తి చూసే మొహం లేకపోయింది. తను కొట్టిన దెబ్బ ఒక్కరికే తగిలిందనుకుంది ఇన్నాళ్ళూ.

మర్నాడు స్కూల్లో ఖాళీ పీరియడులో, స్టాఫ్ రూము మూల కుర్చీలో కూర్చుని ఆవిడ కొత్త కాగితం తీసింది. మరిచిపోయాననుకున్న పాఠం మొత్తం కళ్ళకు కట్టినట్టు కదిలింది. ఆ రోజు చిన్నకోడలు తన చేతిసంచి తెచ్చి బల్లమీద బోర్లించింది. తాళాలు, బస్సు టికెట్లు, పిన్నీసు, తలనొప్పి మాత్రలు, సగం అరిగిన పెన్సిలు. ఈ సంచి ఎవరిదో మీకు తెలియదనుకోండి, ఆ మనిషి ఎలాంటిదో ఇంగ్లీషులో చెప్పండి అంది. పిల్లలు ఒకరిమీద ఒకరు పడి చెప్పారు. మూడో వరసలో ఒక పిల్ల ఉండేది. పెద్దకోడలి క్లాసులో ఏడాది పొడుగునా ఆ పిల్ల పెదవి విప్పలేదు. ఆ పిల్ల లేచి, "ఆవిడకు భయంగా ఉంది," అని ఇంగ్లీషులో, తప్పు లేకుండా అంది. చిన్నకోడలు నవ్వి, అవును, ఈ రోజు నాకు చాలా భయంగా ఉంది అంది. క్లాసంతా నవ్వింది. గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు.

ఇవన్నీ రాసింది. బోర్డుమీద రాత వంకరగా పోతుందని, ఇంటిపని ఇవ్వడం మరిచిపోయిందని కూడా రాసింది. తరువాత కాసేపు పెన్ను కదల్లేదు. కదిలాక మిగతాది ఒక్క ఊపున వచ్చేసింది. ఆ రోజు నన్ను అడిగితే నేను అబద్ధం చెప్పాను, నా దగ్గర నోరు విప్పని పిల్ల ఆవిడ దగ్గర మాట్లాడింది, అది నేను తట్టుకోలేకపోయాను, అని రాసింది. రాసిన అక్షరాలు మసకబారితే కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఎదురుగా ఉన్న టీచరు అడిగితే కంట్లో నలుసు పడిందంది.

ఆ కాగితాన్ని ఫోటో తీసి ముందు చిన్నకోడలికి పంపింది. గంట తరువాత జవాబు వచ్చింది. "వంకర నా రాత కాదక్కా, మీ స్కూలు బోర్డు. మిగతాది ఉండనివ్వండి."

మంగళవారం సాయంత్రం, భార్య చూపించిన ఆ పేజీ చదివి, మరిది ఒక్కడే వచ్చాడు. ఎప్పుడూ నవ్వే మొహంలో నవ్వు లేదు. అన్నయ్య పక్కన కాసేపు కూర్చున్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో పెద్దకోడలు వినలేదు. వెళ్ళేటప్పుడు వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "వదినా, మీమీద నాకు చాలా కోపంగా ఉంది. పోవడానికి కొన్నాళ్ళు పడుతుంది. అప్పటిదాకా కంగారుపడకండి," అని చెప్పి వెళ్ళాడు. అంత మర్యాదగా కోప్పడిన మనిషిని ఆవిడ ఎన్నడూ చూడలేదు.

పేజీ పంపాల్సిన రోజు భర్త దాన్ని రెండుసార్లు చదివి తల పట్టుకున్నాడు. ఇది చదివాక మనల్ని ఎవరు తీసుకుంటారు, పోయేది మన ఉద్యోగమే కాదు, వాళ్ళది కూడా కదా అన్నాడు. ఆవిడకూ అదే భయం. అయినా వేరే పేజీ తనకు రాయడం చేతకాదంది. ఆయన ఇంకోసారి చదివి, తనే మీట నొక్కి పంపాడు.

ఇంటర్వ్యూ రోజు నలుగురూ ఒకే బల్ల ముందు కంప్యూటరుకు ఎదురుగా కూర్చున్నారు. తెరమీద నెరిసిన జుట్టున్న ఒక స్త్రీ, ఆవిడే ప్రిన్సిపాల్. చేతిలో వాళ్ళ కాగితాలున్నాయి. మామూలు ప్రశ్నలయ్యాక, ఆవిడ పెద్దకోడలి పేజీ పైకి తీసి, ఇందులో రాసింది నిజమేనా అని అడిగింది. నిజమేనని పెద్దకోడలు చెప్పింది. ప్రిన్సిపాల్ చిన్నకోడలి వైపు తిరిగి, మరి ఈవిడతో ఒకే వంటింట్లో ఎలా ఉంటావని అడిగింది.

చిన్నకోడలు తొందరపడలేదు. "ఇదివరకు ఈవిడ మనసులో ఏముందో తెలియకుండా కలిసి ఉన్నాను. ఇప్పుడు తెలుసు. ఇదే నయం," అంది.

తెర ఆరిపోయింది. పోయిందిలే అని మరిది అన్నాడు. ఎవరూ కాదనలేదు.

తొమ్మిది రోజులు జవాబు లేదు. పదో రోజు పాప స్కూలుకు వెళ్ళాక ఉత్తరం వచ్చింది. భర్త ఫోన్లో చదువుతూ మధ్యలో ఆగిపోయాడు. రెండు జంటలనూ తీసుకున్నారు. అయితే ఆ చేతిసంచి పాఠం నచ్చి, ఇంగ్లీషు విభాగానికి అధిపతిగా చిన్నకోడల్ని పెట్టారు. మిగతా ముగ్గురూ ఆమె కింద పనిచేయాలి.

"నీకు కష్టంగా ఉంటే మానేద్దాం," అన్నాడాయన మెల్లగా.

కష్టంగా లేదని చెప్పలేకపోయింది. పదహారేళ్ళ సర్వీసు ఆవిడది. కానీ ఆ పిల్ల లేచి నిలబడి మాట్లాడిన క్షణం మళ్ళీ కళ్ళముందు మెదిలింది. ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి చిన్నకోడలికి తనే ఫోను చేసింది.

"ఉత్తరం చూశారా అక్కా?"

"చూశాను."

"మొదటి నెలలో మీ ముగ్గురి క్లాసులూ చూసి నేను రాసివ్వాలట."

"చూసిందే రాయి."

"చూసిందే రాస్తాను. మీది ముందు చూస్తాను."

పెద్దకోడలు నవ్వబోయింది. ఆ నవ్వు గొంతులోనే తిరగబడి ఏడుపై బయటికొచ్చింది. నాలుగేళ్ళుగా అనాల్సిన మాట, వంటింట్లో ఆ రోజు అనకుండా పోయిన మాట, ఇప్పుడు వెక్కిళ్ళ మధ్య ముక్కలుముక్కలుగా అంది. తప్పు చేశానని, తెలిసే చేశానని. చిన్నకోడలు ఊరుకోమనలేదు, ఫోనూ పెట్టేయలేదు. ఒకసారి ఆమె కూడా ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఏడవడం అయ్యాక చెప్పండి," అంది చిన్నకోడలు కాసేపటికి, తడి గొంతుతో. "గదుల సంగతి మాట్లాడుకోవాలి. కిటికీ ఉన్న గది మీరు తీసుకోండి. పాపకు వెలుతురు ఉండాలి కదా."