ఆరోగ్యవంతుడి రీడింగు

"కళ్ళు మూసుకో ఏసుపాదం. ఏమీ ఆలోచించకు."

"అదొక్కటే నాకు బాగా వచ్చిన పని మేడమ్."

గదిలో ఉన్న ఇద్దరు పరిశోధక విద్యార్థినులూ ఫక్కున నవ్వారు. డాక్టర్ మందాకిని కూడా నవ్వుతూనే అతని తల మీద టోపీ సర్ది, మీట నొక్కింది. తొంభై సెకన్ల తర్వాత తెర మీద అంకె పడింది. ఎనభై ఒకటి.

ఆమె నవ్వు ఆగిపోయింది. మళ్ళీ చూసింది. ఎనభై. మూడోసారి ఎనభై రెండు.

"మెషిన్‌లో ఏదో తేడా ఉంది," అంది మందాకిని.

విశాఖపట్నంలో సముద్రం పొంగి రాకుండా బీచ్ రోడ్డు పొడుగునా గోడ కట్టి అప్పటికి ఆరేళ్ళయింది. ఆ గోడకి ఇవతల, కొండవాలులో ఉన్న మెదడు పరిశోధన సంస్థలో మందాకిని పదకొండేళ్ళుగా ఈ టోపీ మీదే పనిచేస్తోంది. జ్వరానికి థర్మామీటర్ ఉంది. బీపీకి పట్టీ ఉంది. డిప్రెషన్‌కి రోగి నోటిమాట తప్ప ఇంకేమీ లేదు, ఆ మాట ఇంట్లోవాళ్ళు నమ్మరు. అందుకే ఆమె ఈ పనికి పూనుకుంది. మెదడులోని కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు అతి సన్నని అయస్కాంత క్షేత్రాలు పుడతాయి. టోపీలోని మూడువందల సెన్సార్లు వాటిని పసిగడతాయి. తీవ్రమైన డిప్రెషన్‌లో ఆ మాటల తీరు మారిపోతుంది. ఎంత మారిందో టోపీ సున్నా నుంచి వంద దాకా ఒక అంకెగా చెబుతుంది. ముప్పై లోపు ఉంటే ఆరోగ్యం. అరవై దాటితే వెంటనే వైద్యం కావాలి.

ఏ తూకానికైనా ముందు సరైన రాయి ఒకటి ఉండాలి కదా. రోజూ పొద్దున్నే రోగులు రాకముందు, బాగున్న మనిషి ఒకరికి టోపీ పెట్టి మెషిన్‌ని సరిచూడాలి. ఆ మనిషిగా మందాకిని తన టెక్నీషియన్ ఏసుపాదాన్ని ఎంచుకుంది. ముప్పై నాలుగేళ్ళవాడు. తొమ్మిదేళ్ళుగా ఆమె దగ్గరే ఉన్నాడు. సెన్సార్లన్నీ చేత్తో అతికించింది అతనే. సెలవు పెట్టడు, విసుక్కోడు. క్యాంటీన్‌లో అతని బల్ల చుట్టూ ఎప్పుడూ నవ్వులే. ఆ భవనంలో ఆరోగ్యవంతుడెవరని అడిగితే అందరూ అతని పేరే చెప్పేవాళ్ళు.

అలాంటివాడికి ఎనభై ఒకటి రావడమేమిటి?

మందాకిని వారం రోజులు తీగలన్నీ విప్పించింది. అంకె మారలేదు. రెండో వారం సెన్సార్లు కొత్తవి వేయించింది. ఏసుపాదమే వాటిని ఒక్కొక్కటీ అతికించాడు. "నా బుర్ర మరీ గట్టిది మేడమ్, లోపలిది బయటికి రానివ్వదు," అన్నాడు. అందరూ నవ్వారు. మూడో వారం ఆమె సాఫ్ట్‌వేర్‌లో లెక్క మార్చింది. ఎడమవైపు సెన్సార్లు ఎక్కువ చూపిస్తున్నాయని తేల్చి, వాటి బలం తగ్గించింది. అంకె యాభైకి దిగింది. ఇంకొంచెం తగ్గించింది. ఇరవై నాలుగు.

"హమ్మయ్య!" అంది.

"హమ్మయ్య," అన్నాడు ఏసుపాదం కూడా. మొదటి మూడు వారాల రీడింగులు 'లోపభూయిష్టం' అని చెరిపేయించింది. చెరిపింది కూడా అతనే.

ఆ రోజుల్లోనే ఆమె ఊరూరా ప్రసంగాలు చేస్తుండేది. కాలేజీల్లో, బస్సు డిపోల్లో, మహిళా సంఘాల్లో ఒకటే చెప్పేది. "డిప్రెషన్ బద్ధకం కాదు. పొగరు కాదు. ప్రార్థన తక్కువై రాదు. ఏడుస్తూ కూర్చునేవాళ్ళకే వస్తుందనుకోకండి. మీ పక్కనే నవ్వుతూ పనిచేసేవాళ్ళకీ ఉండొచ్చు." చప్పట్లు మోగేవి. మైకు సరిచేస్తూ ఏసుపాదం వేదిక మెట్ల దగ్గర నిలబడి ఉండేవాడు.

మూడు నెలలు గడిచాయి. ఒక సోమవారం అతను రాలేదు. మంగళవారమూ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. బుధవారం పొద్దున అతని అక్క సలోమి ప్రయోగశాలకి వచ్చింది. జ్ఞానాపురంలో టైలరింగ్ చేస్తుంది. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"మా తమ్ముడు మంచం దిగట్లేదు మేడమ్. ఆదివారం నుంచి మెతుకు ముట్టలేదు. నీళ్ళు కూడా నేను నోట్లో పోస్తేనే. నా వైపు చూస్తన్నాడు గానీ నేను కనపడతన్నట్టు లేదు. ఇన్నాళ్ళూ ఇంటికొచ్చేక మాటాడకపోతే పని ఎక్కువనుకున్నాను. బద్ధకమని తిట్టేను కూడా."

"ఇన్నాళ్ళూ అంటే?"

"రెండేళ్ళుంటది మేడమ్."

రెండేళ్ళు. ఎనభై ఒకటి.

ఆస్పత్రిలో డాక్టర్ హబీబ్ అతన్ని చూసి ఆలస్యం చేయలేదు. "మందులు మొదలుపెడతాను. కానీ అవి పనిచేయడానికి వారాలు పడుతుంది. తిండి మానేసిన మనిషి అంతదాకా ఆగలేడు. ఈసీటీ ఇద్దాం."

"కరెంటు షాకా!" సలోమి గోడకి ఆనుకుపోయింది. "ఒద్దు బాబూ! పిచ్చోళ్ళకి కదా అది?"

ఆమెకి నచ్చజెప్పాల్సింది మందాకిని. కానీ ఆ క్షణాన ఆమె కళ్ళ ముందూ ఎప్పుడో సినిమాలో చూసిన దృశ్యమే మెదిలింది. కట్టేసిన చేతులు, కేకలు. "ఇంకో మార్గం లేదా డాక్టర్‌గారూ?" అనేసింది. అన్న తర్వాత, తనెవరో గుర్తొచ్చి తల దించుకుంది.

హబీబ్ ఆమె వైపు ఆశ్చర్యంగా చూసి, సలోమికే చెప్పాడు. "మత్తు ఇచ్చి నిద్రపుచ్చుతామమ్మా. కండరాలు బిగుసుకోకుండా మందిస్తాం. కరెంటు కొన్ని క్షణాలే. నొప్పి తెలియదు. ఈమధ్య జరిగినవి కొన్ని మరిచిపోవచ్చు. అది దాచను. కానీ ఇలాంటి స్థితిలో ఇంత త్వరగా మనిషిని లేపేది మరొకటి లేదు."

నాలుగోసారి తర్వాత ఏసుపాదం పెరుగన్నం అడిగాడు. ఏడోసారి తర్వాత కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు మందాకిని అతని ఎదురుగా కూర్చుంది.

"మెషిన్ మొదటిరోజే చెప్పింది ఏసుపాదం. నేనే నమ్మలేదు."

"నాకు తెలుసు మేడమ్."

"తెలుసా?"

"అంకె చూడగానే తెలిసింది. లోపల ఏదో ఉందని అంతకు ముందే తెలుసు. ఆ రోజు మీరు నా వైపు తిరిగి 'ఎలా ఉన్నావు' అంటారనుకున్నాను. మీరు మెషిన్ వైపు తిరిగేరు. మీకు పదకొండేళ్ళ పని. నా మూలంగా చెడిపోతుందేమోనని నేనూ ఊరుకున్నాను. అంకె ఇరవై నాలుగుకి దిగిన రోజు నిజంగానే బాగైపోయేనేమో అనిపించింది. అది మాత్రం రెండ్రోజులే ఉంది."

మందాకిని ప్రయోగశాలకి తిరిగొచ్చి పాత లెక్క మళ్ళీ పెట్టించింది. ఆ మూడు నెలల్లో వచ్చిన పద్నాలుగు మంది రోగుల అంకెలన్నీ పైకి లేచాయి. వాళ్ళలో ఒకావిడ భర్త, "చూశావా, మెషినే నీకేం లేదంది," అంటూ ఆవిడని తీసుకెళ్ళిపోవడం ఆమెకి గుర్తుంది. పద్నాలుగు ఇళ్ళకీ తనే స్వయంగా వెళ్ళింది. ప్రతి గుమ్మంలోనూ ఒకే మాట చెప్పింది. తప్పు నాది.

ఇంతలో ఏసుపాదం సెలవు అర్జీ తిరిగొచ్చింది. పాలనాధికారి పట్టాభి ఆమెని పిలిచి, ఒక కాగితాల దొంతర ముందుకి తోశాడు. రోజువారీ రీడింగులు. ఇరవై నాలుగు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. ప్రతి కాగితం మీదా 'ఆరోగ్యవంతుడు' అన్న మాట, కింద ఆమె సంతకం.

"ఆస్పత్రి సర్టిఫికెట్ ఉంది కదండీ," అంది.

"అది డాక్టరుగారి అభిప్రాయం. ఇది కొలత. అభిప్రాయాల రోజులు పోయాయి, ఇక కొలతే ప్రమాణమని పోయిన నెల సభలో మీరే సెలవిచ్చారు. మీ మెషిన్ ప్రకారం ఈయనకి ఏ జబ్బూ లేదు మేడమ్. అనుమతి లేకుండా మానేసినట్టే లెక్క."

అతని మాటలో వెటకారం లేదు. అతను ఆమెని పూర్తిగా నమ్మాడు, అంతే.

మందాకిని ఆ సాయంత్రమే ఆస్పత్రికి వెళ్ళింది. "జరిగిందంతా నిపుణుల సంఘానికీ మన ఆఫీసుకీ రాయాలి. నీ పేరూ రాయాల్సి వస్తుంది. రాయనా?"

"మెషిన్ ఆపేస్తారు మేడమ్."

"ఆపనీ."

అతను ఆమె వైపు తిరిగాడు. "రాయండి."

ఆమె రాసింది. యంత్రం సరిగ్గా చూపిన దాన్ని తన నమ్మకానికి తగ్గట్టు దిద్దానని, నవ్వే మనిషికి డిప్రెషన్ ఉండదనుకున్నానని, పద్నాలుగు మందికి తప్పు అంకెలు ఇచ్చానని రాసింది. నిపుణుల సంఘం టోపీని ఏడాది పాటు ఆపింది. పత్రికలు 'డిప్రెషన్ మెషిన్ బూటకం' అని రాశాయి. మెషిన్‌ది తప్పు కాదని చెప్పబోతే ఎవరూ వినలేదు.

ఏసుపాదానికి మాత్రం ఆరు నెలల సెలవు మంజూరైంది. ఆ ఉత్తర్వు తనే ఇస్తానని మందాకిని ట్రామ్ ఎక్కి జ్ఞానాపురం బయలుదేరింది. దారిలో కవరు విప్పి చదివింది. సెలవుకి కారణం అన్న చోట 'తీవ్రమైన నడుము నొప్పి' అని ఉంది. కింద పెన్సిల్‌తో పట్టాభి చిన్న చీటీ రాశాడు: కుర్రవాడి పేరు పాడవకూడదని అలా వేయించాను మేడమ్.

చదవగానే ఆమెకి కలిగింది కోపం కాదు, ఊరట. పోనీలే, ఇదే నయం అనుకుంది. ట్రామ్ రెండు స్టాపులు దాటాక గాని తను ఏమనుకుందో ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం మండింది. పక్క సీటులో ఆవిడ చూస్తోందేమోనని కిటికీ వైపు తిరిగింది.

సలోమి టీ ఇచ్చి, ఉత్తర్వు చదివించుకుని తృప్తిగా తలూపింది. "పోన్లెండి మేడమ్, మంచికే రాసేరు. రేపు సంబంధాలకి కూడా ఇబ్బందుండదు."

ఏసుపాదం కాగితం తీసుకున్నాడు. మెల్లగా, రెండుసార్లు చదివాడు. మడిచి మళ్ళీ మందాకిని చేతిలో పెట్టాడు.

"నా నడుం బాగానే ఉంది మేడమ్," అన్నాడు. "మార్చి రాయమనండి."