బానెట్ మీద రెండు దెబ్బలు

ముసురు పట్టిన సాయంత్రం. షెడ్డులో అక్క ఒక్కతే ఉంది. వీధి మొత్తానికీ ఆమె మెకానిక్ అక్కే, తలలు నెరిసినవాళ్ళకి కూడా. గ్లాసులో టీ సగం తాగిందో లేదో, పాత ఎర్ర స్పోర్ట్స్ కారొకటి దగ్గుకుంటూ వచ్చి వాకిట్లో ఆగింది.

దిగినవాణ్ని చూసి ఆమె గ్లాసు కింద పెట్టేసింది. ఏ మొహం పెట్టుకుని వచ్చాడో మహానుభావుడు! రెండేళ్ళ కిందట ఈ కారుని విప్పి, బిగించి, ప్రాణం పోసింది అక్క తమ్ముడే. పని పూర్తయితే బానెట్ మూసి అరచేత్తో రెండు దెబ్బలు వెయ్యడం వాడి అలవాటు. ఆ రోజూ వేశాడు. ట్రయల్ చూద్దాం రమ్మని ఈ యజమాని ఎక్కించుకెళ్ళాడు. కారు కాలవలో పడింది. ఇతను ఈదుకుంటూ వచ్చాడు, వాడు రాలేదు. తాగి వాడే నడిపాడన్నాడు. కళ్ళారా చూశానని ఇతని బావమరిది సాక్ష్యం చెప్పాడు. చుక్క ముట్టనివాడికి తాగుబోతని పేరొచ్చింది. 

"నేనెక్కితేనే మిస్సింగ్ వస్తోందక్కా, ఇంజన్ ఎగిరెగిరి పడుతోంది. డ్రైవరు తోలితే బంగారంలా పోతుంది. ఎంతమందికి చూపించినా దండగే. మా బావమరిది వెనకాల వస్తున్నాడు, ఈలోగా చూసి పెట్టు."

"మళ్ళీ లోపల కూర్చుని ఎక్సలేటరు తొక్కండి," అంది అక్క. జల్లు కొడుతోందని షట్టరు సగం దించింది.

పక్క సీటు ఖాళీ. బెల్టు మాత్రం ఎవరికో పెట్టినట్టు బిగిసి ఉంది.

బానెట్ ఎత్తింది. ప్లగ్గుల గుంటల్లో నీళ్ళు! ఇంకేం, మిస్సింగ్ రాక చస్తుందా? గుడ్డతో ఒత్తి తీసింది. మళ్ళీ ఊరాయి. వేలు ముంచి వాసన చూసింది. వాన నీళ్ళు కావు... నాచు వాసన. కాలవ వాసన.

పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంది. ఎక్కడ తేడా ఉందో అలా వినడం తమ్ముడికి నేర్పింది తనే. లోపల ఇనుము చప్పుడు లేదు.

థప్... థప్ థప్...

అరచేత్తో అద్దం బాదుతున్న చప్పుడు.

అక్క స్క్రూడ్రైవరు చెవి నుంచి తియ్యలేదు. పెదాలు కదిలీ కదలకుండా అంది. "వచ్చావురా చిన్నోడా!"

ఏ ప్లగ్గు పనిచెయ్యట్లేదో తెలియాలంటే ఒక్కో వైరూ పీకి చూడాలి. బాగున్నదాన్ని పీకితే ఇంజన్ ఇంకా కుంగాలి. మొదటిది పీకింది. కుంగలేదు సరికదా, కుదుపు తగ్గింది. రెండోది పీకింది. ఇంకా తగ్గింది.

"అక్కా! ఈ బెల్టేంటి, దానంతటదే నా మీదకొచ్చి బిగుసుకుంటోంది! కొయ్యి... తొందరగా కొయ్యి!"

కటింగ్ ప్లేయరు చేతిలోనే ఉంది. కిటికీ దగ్గరికి వెళ్ళి వంగింది.

"ఆ రోజు నడిపిందెవర్రా?"

"నేనే... నేనే తల్లీ!"

"మరి వాడు?"

"పక్క సీట్లో... బెల్టు ఊడలేదు... నా చెయ్యి పట్టుకున్నాడు... విదిలించుకున్నాను. తర్వాత బావమరిదీ నేనూ కాలవలో దిగి... వాణ్ని ఈ డ్రైవరు సీట్లోకి మార్చాం..."

అక్క కటింగ్ ప్లేయర్ని డబ్బాలో పడేసింది. మూడో వైరు పీకింది. నాలుగోదీ పీకింది. ఇక లేవు. అయినా ఇంజన్ నడుస్తోంది... తమ్ముడు బాగుచేసిన నాటిలా, చిన్న కుదుపు కూడా లేకుండా.

సీట్లో మనిషి నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు... నోట్లోంచి, ముక్కులోంచి పచ్చటి నీళ్ళు కారాయి. కారు లోపల అద్దాలకి గానీ పైకప్పుకి గానీ తడి లేదు. తర్వాత అతను కదల్లేదు.

ఇంజన్ ఆగింది. బానెట్ దానంతటదే పడింది.

ఫట్!

దాని మీద అరచేతి దెబ్బ, ఒక్కటి. అక్క రెండోదాని కోసం చూసింది. రాలేదు.

బయట ఇంకో బండి ఆగిన చప్పుడు. "బావా, అయిపోయిందా?"

అక్కకి అర్థమైంది. కారు తాళంచెవి లాగి జేబులో వేసుకుంది. వైర్లు నేల మీదే వదిలేసింది.

"ఇంకొంచెం పనుంది బాబూ," అంది తియ్యగా. "లోపలికి రండి."

బావమరిది షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చాడు. ఇంజన్ స్టార్టయింది. థప్... థప్ థప్... కారు దగ్గడం మొదలుపెట్టింది.

పక్క సీటు బెల్టు క్లిక్‌మని ఊడింది.