వాసన చచ్చిపోయే కొట్టం

ఐర్లండ్‌లోని కావన్‌లో మా ఊరి చివర ఫింటన్ వాళ్ల ఆవుల కొట్టానికి చెడ్డపేరుంది. అక్కడ పేడ కంపు కొడుతూ కొడుతూ... ఉన్నట్టుండి ఆగిపోతుందట. ఆగిందంటే, కింద పడ్డవాడు పిలుస్తాడట.

కింద అంటే, కంతల నేల అడుగున ఉన్న గుంత. చలికాలమంతా ఆవుల పేడ అందులోకే దిగుతుంది. ఫింటన్ అందులోనే పోయాడు.

తర్వాతి ఏడు జరిగింది మాత్రం అతని తమ్ముడి భార్య, మా అట్రాక్టా అత్త, నాకు చెప్పింది.

చలినెలల్లో పొలాల మీద పేడనీళ్లు చల్లనివ్వదు సర్కారు. జనవరిలో ఆ నిషేధం తీసేసిన మొదటిరోజు మావాళ్లకి పూనకమే. గుంతలు అంచుదాకా నిండి ఉంటాయి. పక్కవాడి ట్రాక్టరు అప్పటికే పొలంలో ఉంటుంది. గాలి ఉందా లేదా అని చూసేదెవడు?

ఆ సాయంత్రం పొగమంచు. చీకటి పడుతోంది.

"ఇవాళ వద్దయ్యా. ఆకు కదలడం లేదు," అంది అత్త.

"గాలి కోసం కూర్చుంటే ఈస్టరే వస్తుంది," అన్నాడు మలాకీ మామ. "ఆ పక్క పొలం కోల్మన్‌గాడు సగం చల్లేసి నన్ను చూసి నవ్వుతున్నాడు."

"మీ అన్న కూడా ఇలాగే..."

"మా అన్నకి తొందరెక్కువ. నాకు తెలివెక్కువ. నువ్వెళ్లి టీ పెట్టు."

పేడ కలిపే మిక్సర్ వేశాడు. గుంతలో గట్టిపడ్డ పేడ తిరగబడింది. వెంటనే బయటికొచ్చేశాడు — అంతవరకూ తెలివే.

వాళ్ల కుక్క పెగ్ లోపలికి దూరింది. కుయ్‌మంది... ఆగిపోయింది.

"పెగ్!" అంటూ మామ వెళ్లాడు.

అత్త వచ్చేసరికి కంపు ముక్కు బద్దలు కొడుతోంది. దీపం వెలుగులో మామ బూట్లు కనిపించాయి — అడ్డంగా పడి. అత్త ఒక అడుగు లోపల వేసింది.

కంపు పోయింది.

కడిగేసినట్టు... పోయింది.

అప్పుడు వినిపించింది. మామ గొంతే. గుసగుసగా — "రావే... ఏం కాదు. వాసన కూడా లేదు, చూడు..."

అత్త తలుపు చెక్క పట్టుకుని తనని తానే వెనక్కి లాక్కుంది. ఫోన్ చేసి బయటే కూలబడింది. ఫైరింజన్ వచ్చేదాకా ఆ గొంతు పిలుస్తూనే ఉందట.

నేనూరుకుంటానా? వాదించాను. "దెయ్యం కాదత్తా! పేడ కదిపితే విషవాయువు లేస్తుంది, గాలి వీచకపోతే అక్కడే నిలిచిపోతుంది. అది ముందు ముక్కునే చంపుతుంది. వాసన పోయిందంటే గాలి బాగుపడిందని కాదు, చావు దగ్గరికొచ్చిందని!"

"తెలుసమ్మా," అంది అత్త. "ఫింటన్ పోయినప్పుడు మీ మామకీ ఇదంతా చెప్పారు."

"మరి ఆ గొంతు..."

"ఫైరతను అన్నాడు, ఆయన పడగానే ప్రాణం పోయింది, నోరు మెదిపే వీలే లేదని."



ఇప్పుడా కొట్టం కోల్మన్ కౌలుకి తీసుకున్నాడు. నేను తలుపుకి కొట్టిన హెచ్చరిక బోర్డు మేకుకి తన కోటు తగిలిస్తున్నాడు. ఈ సాయంత్రం మిక్సర్ చప్పుడు విని పరుగెత్తాను. గాలొచ్చేదాకా ఆగమని బతిమాలాను.

"లెక్చర్లు కాలేజీలో ఇచ్చుకో పిల్లా," అని నవ్వాడు. తలుపు తీస్తూ మెల్లగా అన్నాడు —

"మలాకీకి తొందరెక్కువ. నాకు తెలివెక్కువ."

గొంతు మా మామది.

ఆకు కదలడం లేదు.